ట్రాక్టర్‌ను దాటని జర్మనీ బండి

కొత్తగా స్టీరింగ్ పట్టుకున్న తమ్ముళ్లు ఎవరైనా దొరికితే నేను ముందుగాల అడిగేది ఒక్కటే: ఈ బండిని ఎన్నేండ్లు ఉంచుకుంటవ్? ఎవ్వడు జవాబు చెప్పడు. నవ్వుతడు. కొన్న రోజు పూలదండలు, పేడాల డబ్బా, టైర్ల కింద నిమ్మకాయలు. రెండేండ్లు తిరగక ముందే అదే బండి ఫోటోలు ఫోన్ల అమ్మకానికి వస్తయి. నేను ఒక్క కారునే తోలిన. నా మీసం నల్లగున్నప్పుడు ఎక్కిన, తెల్లబడ్డంక దిగిన. దిగింది కూడా బండి మొరాయించి కాదు, నా మోకాళ్లు మొరాయించి. బ్రేకు తొక్కుతే చప్పుడు నా మోకాళ్ల నుంచే వచ్చేది.

నేను చెప్పేదాంట్ల సగం కోతలు అని మా ఊరోళ్లు అంటరు. అననీ. ఏ సగమో ఇప్పటిదాకా ఎవ్వడు తేల్చలే. అనుమానం ఉన్నోడు ఇబ్రహీంపట్నం బస్సెక్కి మా ఊరికి రావొచ్చు. బండి ఇప్పటికీ కొట్టంల ఉన్నది. సీటు మీద కూసోమంటే మాత్రం జర ఆలోచించి కూసోండ్రి. ఎందుకో ముందట చెప్త.

అప్పుడు హైదరాబాదు మా మీదికి నడిచొస్తున్న కాలం. పొద్దున జొన్న కోసిన భూమిల మాపటికి తెల్ల రాళ్లు మొలిచేవి. సాగర్ రోడ్డు పొంటి రంగు జెండాలు, టెంట్లు, ప్లాటు చూడొచ్చినోళ్లకు ఉత్తగనే బిర్యానీ. మా ఊర్ల ఆ బిర్యానీ తిననీకే దినాం ప్లాటు చూసేటోళ్లు ఉండిరి. నేను కూడ రెండు మూడు ప్లాట్లు చూసిన అనుకోండ్రి. ఎడ్లబండి దిగినోడు దిగినట్టే కారెక్కుతుండె.

మా పెద్దమ్మకు బొంగుళూరు దిక్కు ఒక చెలక ఉండె. పెద్దమ్మ అంటే నాకు సొంత పెద్దమ్మ కాదు, ఊరంతటికీ పెద్దమ్మనే. చెలక అంటే వాన పడితేనే పండే ఎర్ర భూమి. పెనిమిటి పోయినంక ఆమెనే ముల్లుగర్ర పట్టి ఎడ్లను తోలి ఆ చెలకను ఏలింది. ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చినంక నన్ను డ్రైవర్‌గ పెట్టుకున్నది. ట్రాక్టర్ మీద కూడ ఆమె నా పక్కన మడ్‌గార్డు మీద ముల్లుగర్ర పట్టుకొని కూసునేది. ఎవరిని పొడవనీకో తెల్వది.

కొడుకులు పట్టుబట్టి చెలక బేరం పెట్టిన్రు. బేరం కుదిర్చే ఏజెంటు నల్లకళ్లద్దాలు పెట్టుకొని ఒక పొడుగాటి నల్ల కార్ల వచ్చిండు. వైశాఖం ఎండ. చెలక గట్టు మీది నుంచి నడిచొచ్చిన పెద్దమ్మ ఆ కారు నీడల నిలబడి, తలుపుకు వీపు ఆనిచ్చింది.

"ఏ ముసలమ్మా! బండికి ఒరగకు. గీతలు పడ్తయ్," అన్నడు ఏజెంటు.

ఆమె పక్కకు జరిగి ఎండల నిలబడ్డది. ఆ కారు నిలబడ్డది మాత్రం ఎవరి భూమిల? ఆమె చెలకలనే.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. కొడుకులు వాళ్ల వాళ్ల భాగాలు తీసుకొని మేడలు లేపిన్రు. పెద్దమ్మ తన భాగం కొంగున కట్టుకున్నట్టే కూసున్నది. ఒకనాడు పొద్దున నన్ను పిలిచి, "ట్రాక్టర్ పక్కకు పెట్టు. పట్నం పోవాలె," అన్నది.

బస్సు ఎక్కినం. ఆటో ఎక్కినం. దిగింది అద్దాల షోరూం ముందట. లోపట చల్లగ, చలికాలం తీరు. ఏజెంటు కారు కన్న ఒక మూరెడు పొడుగున్న జర్మనీ బండి ముందట నిలబడి, పెద్దమ్మ దాని బానెట్ మీద వేలు మడిచి కుండను కొట్టినట్టు కొట్టి చెవి పెట్టి విన్నది. టై కట్టుకున్న పిలగాడు ఉరికొచ్చిండు.

"ఇది ఎన్నేండ్లు బతుకుతది?" అని అడిగింది.

"మేడమ్, మూడేళ్లు వాడాక మార్చేసుకోవచ్చు. మేమే తీసుకుంటాం. అప్పటికి కొత్త మోడల్ వస్తుంది."

"మారుస్తనని నీకు చెప్పిన్నా? ఎన్నేండ్లు బతుకుతదని అడిగిన."

ఆ పిలగాడిని అంతకుముందు ఎవ్వరు ఆ మాట అడిగినట్టు లేరు. అటు చూసిండు, ఇటు చూసిండు. "మంచిగా చూసుకుంటే ఇరవై ఏళ్లయినా ఉంటుంది మేడమ్," అన్నడు.

పెద్దమ్మ నా దిక్కు తిరిగింది. "ఇన్నవా కొడుకా? ఇరవై ఏండ్లట. అంతదాకా నీ కొలువు ఉన్నట్టే. బండి అంతకు ముందే సచ్చిందో, నీ కొలువు దాంతోనే సచ్చినట్టు."

వచ్చేటప్పుడు బస్సుల అడిగిన, ఇంత పెద్ద బండి ఎందుకు పెద్దమ్మా అని. కిటికీ అవతలికి చూసుకుంట చెప్పింది: "చెలక మా మామ దున్నిండు, నా పెనిమిటి దున్నిండు, నేను దున్నిన. దానికి మారుగ ఇంటికొచ్చేది కూడ అట్లనే నిలబడాలె. ఇయ్యాల కొని రేపు అమ్మేటిదైతే, చెలక ఎందుకు అమ్మిన నేను?"

బండి ఇంటికొచ్చినంక దానికి ఆమె పెట్టిన పేరు చెలక. "కొడుకా, చెలకను బయటికి తీ." "చెలకకు నీళ్లు కొట్టినవా?" మొదట్ల ఊరోళ్లు నవ్విన్రు. తర్వాత వాళ్లకూ అదే అలవాటైంది. దవాఖానకు పోవాల్సినోళ్లు వచ్చి "పెద్దమ్మా, జర చెలక పంపుతవా?" అని అడిగేటోళ్లు.

ఇగ మా కాపాడుడు మొదలైంది. ఎడ్లను కాపాడుడు ఆమెకు తెలుసు, ట్రాక్టర్‌ను కాపాడుడు నాకు తెలుసు. కారును కాపాడుడు మా ఇద్దరికీ తెల్వది. తెల్వదన్న సంగతి కూడ తెల్వది, అందుకే మస్తు ధైర్యంగ ఉన్నం.

పొద్దున లేస్తనే కడుగుడు. తర్వాత పసుపు బొట్లు. సీట్లు అసలు తోలువి. పెద్దమ్మ చేత్తోని తడిమి చూసి, "తోలుకు ఆముదం పెట్టకుంటే పగుల్తది," అన్నది. ఆమె చిన్నప్పుడు బాయిల నీళ్లు తోడే తోలు బొక్కెనకు ఆముదం పట్టించేటోళ్లట. శనివారం శనివారం గిన్నెడు ఆముదం సీట్లకు పట్టించుడు నా పని. సీట్లు పగల్లేదు, అది నిజం. అయితే మెత్తటి బట్టలు కట్టినోడు వాటి మీద నిలవడు. బ్రేకు తొక్కుతే ముందటికి, వదిలితే ఎనుకకు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలేసుకొని పెండ్లికని ఎక్కిండు. మొదటి మూలమలుపుల ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి పోయిండు, రెండో మలుపుల తిరిగొచ్చిండు. పెండ్లి కాడ దిగేసరికి ఆయన పంచె నుంచి ఆముదం వాసన. ముసలోళ్లంతా ఆయన చుట్టూ చేరి ఏ కీళ్లనొప్పికని అడుగుడు మొదలుపెట్టిన్రు.

అన్నిటికన్న పెద్ద కట్టుబాటు వేగం. "ఉరికించిన ఎద్దు తొందరగ ముసలిదైతది. మెల్లగ నడిపించిందే పదేండ్లు ఎక్కువ దున్నుతది," ఇది ఆమె లెక్క. మా ట్రాక్టర్ ఎంత ఉరుకుతదో, చెలక అంతకన్న ఉరకొద్దు. ముందు సీట్ల కాళ్లు మడిచి సకిలముకిలం పెట్టుకొని కూసునేది, ఒళ్లె ముల్లుగర్ర. స్పీడు ముల్లు జర లేస్తే గర్రతోని డాష్‌బోర్డు మీద టక్కుమని కొట్టేది. ఆ దెబ్బకు నా కాలు దానంతట అదే ఎక్సలేటర్ మీది నుంచి లేచేది.

నాకూ అదే సరి అనిపించింది. చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ తోలినోన్ని, అంతకన్న వేగం నా పాదానికి తెల్వది. అట్ల పోతుంటే మమ్మల్ని దాటనోడు లేడు. ఇటుకల ట్రాక్టర్లు దాటినయ్. సైకిళ్ల మీద బడిపిల్లలు చేతులూపుకుంట దాటిన్రు. ఒకసారి అబ్దుల్లాపూర్‌మెట్ పోతుంటే ఎనుకనుంచి బ్యాండుతోని, గుర్రంతోని, డ్యాన్సుతోని బరాత్ వచ్చింది. అది కూడ మమ్మల్ని దాటింది. పెండ్లికొడుకు గుర్రం మీది నుంచి వంగి, అద్దంల నుంచి లోపలికి తొంగి చూసి, "ఏమైందన్నా, పెట్రోల్ లేదా?" అని అడిగిండు.

కానీ తమ్ముళ్లూ, మా సోకు చూడాల్సింది! చుట్టుపక్కల ఊర్లల్ల కార్లు కొన్నోళ్లు సొట్టలు పెట్టుకొని, గీతలు గీసుకొని, ఒక్కొక్కడు అమ్ముకుంటుంటే, మా చెలక బానెట్‌ల ముఖం చూసుకొని తల దువ్వుకోవచ్చు. సంత కాడ బండి ఆపితే జనం గుమిగూడేటోళ్లు. "ఇట్ల ఉంచుకోవాలె బండిని," అనేటోళ్లు. నేను మీసం దువ్వేటోన్ని.

అట్ల నాలుగైదేండ్లు పోయినంక చెలక దగ్గుడు మొదలుపెట్టింది.

మొదట్ల పొద్దున లేవంగ ఒక దగ్గు. తర్వాత ఎత్తు ఎక్కుతుంటే నల్ల పొగ. తర్వాత ముందట పసుపు లైటు ఒకటి వెలిగి ఇగ ఆరలే. సాగర్ రోడ్డు మీద మా ట్రాక్టర్ బాగుచేసే మిస్త్రీ అన్నను పిలిచిన. ఆయన స్క్రూడ్రైవర్ ఇంజిన్‌కు ఆనించి, దాని పిడి చెవికి పెట్టి, కండ్లు మూసుకొని వినేటోడు. నాడి చూసే వైద్యుడు కూడ అంత సేపు చూడడు.

"తమ్మీ, దీని ఛాతీల కఫం చేరింది," అన్నడు.

"ఏం చెయ్యాలె అన్నా?"

"సలికి తిప్పకుండ్రి. వెచ్చగ పండనియ్యిండ్రి."

వెచ్చగ పండబెట్టినం. బానెట్ మీద నల్ల గొంగడి కప్పినం. ఇగ రోజూ తీసుడు బంద్ చేసి, వారానికొకసారి ఊరి గడపదాకా తిప్పి మళ్ల పండబెట్టినం. ఎంత పండబెడితే అంత నీరసపడ్డది.

ఒక రోజు పొద్దున పెద్దమ్మను ఎక్కించుకొని వస్తుంటే మా ఊరి గడ్డ ఎక్కలేకపోయింది. గడ్డ అంటే ఊర్లెకు వచ్చే ఎత్తు. మేకలు, ముసలోళ్లు, పాలక్యాన్ల సైకిల్ మోటర్లు అన్ని ఎక్కుతయి. మా చెలక నడుమల నిలబడి నల్లగ ఊపిరిడిచింది. ఎంత తొక్కినా బుస్సుమంటది, కదలది. ఆఖరికి మా పాత ట్రాక్టర్‌నే తెచ్చి, తాడు కట్టి గుంజుకొచ్చిన్రు. ఊరంతా అరుగుల మీదికొచ్చి నిలబడ్డది. పెద్దమ్మ కారుల నుంచి దిగలే. ట్రాక్టర్ ఎనుక, ముల్లుగర్ర ఒళ్లె పెట్టుకొని, తల ఎత్తుకొని కూసున్నది. నేను స్టీరింగ్ వెనుక తల దాచుకున్న.

ఇంటి ముందట పెద్దకొడుకు నిలబడి ఉన్నడు. "అవ్వా, ఇగ చాలు. అప్పుడు మన భూమి బేరం కుదిర్చిన ఏజెంటే ఈ బండిని తీసుకుంటనంటున్నడు. ఆయనకు వెంచర్ల తిప్పుకోనీకే కావాలట. రిపేరు ఆయనే చూసుకుంటడు. ఇచ్చేద్దాం."

"ఎవరూ? వాడా?"

"వాడే. అడిగేటోడు వాడొక్కడే ఉన్నడు."

పెద్దమ్మ ముల్లుగర్ర ఆనిచ్చుకుంట కారు దిగింది. తర్వాత అన్నది: "అమాసదాకా ఆగు పెద్దోడా. అమాసనాడు ఈ బండి తన కాళ్ల మీద తాను ఈ గడ్డ ఎక్కకుంటే, తీస్కపొమ్మను. నేను అడ్డం రాను."

ఆమె మాట అంటే మాటే. కొడుకు నవ్వుకుంట పోయిండు. నా కొలువు సంగతి అటుంచుండ్రి. భూమి పోయినప్పుడు కూడ ఆమె కండ్లల్ల తడి చూడలే నేను. ఆ రోజు చూసిన.

షోరూం సర్వీసోళ్లకు ఫోన్ చేసిన. అమాస ముందటి రోజు ఒక ఇంజనీరు పిలగాడు వచ్చిండు. కోస్తా దిక్కు పిలగాడు, సన్నగ, కళ్లద్దాలు. చేతిల చిన్న పెట్టె. దాని తీగ స్టీరింగ్ కింద గుచ్చి అక్షరాలు చదువుకుంట కూసున్నడు. మిస్త్రీ అన్న కూడ వచ్చి, చేతులు కట్టుకొని, "చెవి పెట్టి వినకుండ రోగమెట్ల తెలుస్తది?" అని నా చెవిల గొణుగుతున్నడు.

"డ్రైవర్ గారూ, ఈ బండిని ఎక్కువలో ఎక్కువ ఎంత స్పీడులో నడిపారు?" అన్నడు పిలగాడు.

నేను రొమ్ము విరుచుకొని చెప్పిన: "మా ట్రాక్టర్‌ను ఒక్కసారి కూడ దాటనియ్యలే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడు. "కొన్నప్పటి నుంచా?"

"కొన్నప్పటి నుంచే. అంత పదిలంగ చూసుకున్నం."

ఆయన పెట్టె మూసి అరుగు మీద కూసున్నడు. "అమ్మగారూ, బండిలో ఏదీ పాడవలేదండీ. ఇది పెద్ద ఇంజిన్. బాగా వేడెక్కి గట్టిగా పరిగెత్తితేనే దాని మసి అది కాల్చుకుంటుంది. మీరు దాన్ని ఎప్పుడూ పరిగెత్తనివ్వలేదు. లోపలంతా మసి పట్టుకుపోయి ఊపిరాడటం లేదు."

పెద్దమ్మ నొసలు ముడిచింది. "తడి కట్టెల పొయ్యి లెక్కనా?"

"సరిగ్గా అంతేనండీ."

"మరి ఉరికిస్తే ముసలిదైతది గద! ఎద్దును ఉరికిస్తే..."

"ఇది ఎద్దు కాదండీ, అమ్మగారూ."

"గుర్రమా?"

పిలగాడు జర ఆలోచించిండు. "అలా అనుకోండి. గుర్రమే."

పెద్దమ్మ ముల్లుగర్రను నేల మీద ఠప్పున కొట్టింది. "గుర్రమని కొన్ననాడే చెప్పొద్దా! ఓరి కొడుకా, గుర్రాన్ని తెచ్చి ఇన్నేండ్లు ఎద్దు లెక్క తోలినం గదరా! కట్టేసి, గొంగడి కప్పి, పానం తీసినం గదరా!"

నేను మిస్త్రీ దిక్కు చూసిన. "కఫమని చెప్పిన్నా లేదా?" అన్నడు ఆయన. చెప్పిండు, కాదనను. గొంగడి కప్పుమన్నది కూడ ఆయనే.

పిలగాడు మందు చెప్పిండు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు అప్పటికప్పుడు మార్చిండు. పొద్దున్నే అడ్డులేని పొడుగాటి రోడ్డు మీద, తక్కువ గేరుల పెట్టి, ఇంజిన్ గట్టిగ అరిచేదాకా తోలాలె. మసి కాలితే బతుకుతది. లేకుంటే ఇంజిన్ విప్పాలె, దానికి నెల పడుతది. మా చేతుల్ల ఉన్నది ఒక్క పూట. మధ్యాహ్నానికి ఏజెంటు వస్తడు.

అడ్డులేని పొడుగాటి రోడ్డు మాకు ఎక్కడిది అంటరా? ఔటర్ రింగ్ రోడ్డు అప్పుడే మా దిక్కు కొత్తగ తెరిచిన్రు. బొంగుళూరు కాడ ఎక్కితే నున్నగ, వెడల్పుగ, ఇంక ఎవ్వడు అలవాటు పడని రోడ్డు.

అమాస పొద్దున. పెద్దమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకొని, బండికి కొబ్బరికాయ కొట్టి ముందట ఎక్కింది. పిలగాడు పెట్టె పట్టుకొని ఎనుక సీట్ల. పెద్దకొడుకు కూడ, "నేను చూడకుండ ఎట్ల నమ్ముత?" అనుకుంట ఎనుకనే ఎక్కిండు. ముందటి రోజు శనివారం అని నేను ఎవ్వరికీ యాది చెయ్యలే.

ఔటర్ ఎక్కే వంపు కాడనే మొదటి గండం. చెలక దగ్గుకుంట, మూలుక్కుంట, నడుమల ఒకసారి ఆగబోయి, ఎట్లనో ఎక్కింది. పైన కండ్లు ఆనినంత దూరం ఒక్క ట్రాక్టర్ లేదు. పిలగాడు పెట్టెతోని పసుపు లైటు ఆర్పిండు. "ఇప్పుడు తొక్కండి!"

తొక్కిన. ఏం కాలే. బుస్సుమన్నది.

"ఇంకా తొక్కండి! వదలకండి!"

"కొడుకా, ఎనుక చూడు!" అన్నది పెద్దమ్మ. అద్దంల చూసిన. మా ఎనుక పొగ కాదు, మొగులు. నల్ల మొగులు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా. ఆ రోజు ఆదిబట్లల ఆరేసిన వడ్లు కుప్ప చేసుకున్నోళ్లు ఉన్నరు, వానొస్తదని. మీరు నమ్మకుంటే నేనేం చెయ్యను!

అప్పుడు ఇంజిన్ చప్పుడు మారింది. తమ్ముళ్లూ, ఆ చప్పుడు ఎట్ల చెప్పాలె మీకు? ఇన్నేండ్లు ముక్కుల నుంచి మాట్లాడిన మనిషి ఒక్కసారి గొంతు సవరించుకొని పాట ఎత్తుకున్నట్టు. నా వీపు సీటుకు అతుక్కున్నది. బండి ముందటికి దుంకింది. ఎనుకనుంచి "అబ్బా!" అని రెండు గొంతులు. ఆముదం సీటు మీద పిలగాడు, పెద్దకొడుకు ఒకరి మీద ఒకరు జారుకుంట ఈ తలుపు కాడికి, ఆ తలుపు కాడికి పోతున్నరు.

డాష్‌బోర్డు మీద టక్కుమని దెబ్బ. అలవాటు నాది, కాలు లేచింది.

"ఎందుకు తీసినవ్?" అన్నది పెద్దమ్మ.

"కర్ర కొట్టినవ్ గద పెద్దమ్మా!"

"ఆపుమని కాదురా! ఇంకా!"

ఇంకా తొక్కిన. స్పీడు ముల్లు ఎక్కడిదాకా పోయిందో చెప్పను, పోలీసోళ్లు కూడ ఇసొంటివి చదువుతరు. మసి మొగులు పలచబడి, బూడిద రంగైంది. తర్వాత ఎనుక ఉత్త రోడ్డు కనపడ్డది, కడిగిన అద్దం లెక్క. "క్లీన్! క్లీన్ అయిపోతోందండీ!" అని పిలగాడు ఎనుక సీటు కింది నుంచి అరుస్తున్నడు, ఎందుకంటే అప్పటికి ఆయన అక్కడ ఉన్నడు.

నాదర్‌గుల్ దిక్కు రాంగనే నెత్తి మీద చిన్న ఇమానం ఒకటి తేలింది, నేర్చుకునేటోళ్లు తిప్పేది. దాని నీడ మా ముందట రోడ్డు మీద పాకుతున్నది. పెద్దమ్మ ముల్లుగర్రతోని చూపింది. "దాన్ని దాటు!"

"ఇమానమే పెద్దమ్మా!"

"నేర్చుకునేటోడు తోలుతున్నడు గదా. నీకు ఎన్నేండ్ల అలవాటు!"

దాటినం. ఇమానాన్ని కాదు, దాని నీడను. నీడ బానెట్ మీదికెక్కింది, పెద్దమ్మ ముఖం మీది నుంచి పోయింది, ఎనుకబడ్డది. ఆమె నవ్వింది. సప్పుడు జేసుకుంట, నెత్తి మీది కొంగు జారినా సర్దుకోకుండ, చిన్నపిల్ల లెక్క. చెలక అమ్మిన రోజు నుంచి ఆ నవ్వు నేను వినలే. ఎనుక కొడుకు కూడ జారుడు మరిచి తల్లి దిక్కే చూస్తున్నడు.

ముందట దిగే వంపు కాడ మలుపుకొని ఎనుకకు తిరిగినం. వచ్చేటప్పుడు బొంగుళూరు ఇంక జరంత దూరం ఉన్నదనంగ ఆమె కిటికీల నుంచి కిందికి చూసింది. "అగో. మన చెలక."

తెల్ల రాళ్లు, రంగు జెండాలు, ఒక టెంటు. నాగలితోని దున్నాలంటే పొద్దు తిరిగినంక కూడ ఒడవని చెలక అది. రెప్ప కొట్టేలోపట ఎనుకకు పోయింది. ఆమె ఎనుకకు తిరిగి చూడలే. డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, గిట్ల నిమిరింది, ఎద్దు మెడను నిమిరినట్టు. వెంటనే యాదికొచ్చి గుర్రాన్ని తట్టినట్టు తట్టింది.

ఇగ గడ్డ. మా ఊరోళ్లకు ఎవరు చెప్పిన్రో, అరుగుల మీద, గోడల మీద, చింతకొమ్మ మీద జనం. తాడు కట్టిన ట్రాక్టర్ పక్కకు తయారుగ పెట్టుకున్నరు. మిస్త్రీ అన్న కూడ స్క్రూడ్రైవర్ పట్టుకొని నిలబడ్డడు. గడ్డ మీద, ఇంటి ముందట, ఏజెంటు. మారిన కారు, మారని నల్లకళ్లద్దాలు.

"మెల్లగ పోదునా?" అని అడిగిన.

"గుర్రం రా," అన్నది ఆమె.

ఒక్కటే తొక్కుడు. గడ్డ ఎక్కినమో, గడ్డనే మా కిందికి జారిందో నాకైతే తెల్వది. జనం ఒర్లిన ఒర్లుడుకు ఇమానపోడు కూడ వంగి చూసి ఉంటడు. కోడిపుంజు ఒకటి ఎగిరి ట్రాక్టర్ మీద వాలింది. బండిని ఇంటి ముందట ఏజెంటు పక్కనే ఆపిన. ఇంజిన్ గుర్రుమనుకుంట, వేడి సెగ కొట్టుకుంట నిలబడ్డది, ఒక్క పోగు పొగ లేకుండ.

ఏజెంటుకు ముచ్చటైంది. బండి చుట్టు తిరిగి, "మంచిగనే ఉంచిండ్రే! రోగమన్నరు!" అనుకుంట, బేరం మొదలుపెట్టెటోడి తీరుగ బానెట్‌కు నడుము ఆనించబోయిండు.

పెద్దమ్మ అప్పుడే దిగుతున్నది. ముల్లుగర్రను అడ్డం పెట్టింది.

"బిడ్డా, బండికి ఒరగకు," అన్నది, చాలా ప్రేమగ. "మస్తు దూరం ఉరికొచ్చింది. కాల్తది."

ఆయనకు ఆ మాట ఎక్కడిదో యాదికొచ్చిందో లేదో నాకు తెల్వది. అన్న మాటలు అన్నోళ్లకు యాదుండవు. ఆయన మాత్రం పక్కకు జరిగి ఎండల నిలబడ్డడు. పెద్దకొడుకు ఎనుక సీట్ల నుంచి జారుకుంట దిగి, బట్టలు చూసుకొని, ఏజెంటుకు చెయ్యి ఊపిండు. "అన్నా, అమ్ముతలేం. అవ్వ మాట గెలిచింది." తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు: "అరేయ్, ఆ ఇమానం నీడ సంగతి నేను చెప్తే ఎవడన్న నమ్ముతడా?"

"నువ్వు చెప్తే నమ్ముతరు అన్నా. నేను చెప్తేనే నమ్మరు."

ఆ పొద్దు నుంచి మా కట్టుబాటు తిరగబడ్డది. అమాస అమాసకు చెలకను ఔటర్ ఎక్కించుడు, అరిచేదాకా తోలుడు. కర్ర దెబ్బ ఉన్నది, అర్థమే మారింది. గొంగడి ముసలి కుక్కకు పోయింది. ఆ ఇంజనీరు పిలగాడు ఏటా ఒకసారి చూడొచ్చేటోడు, వచ్చినప్పుడల్లా సీటు మీద పరుచుకోనీకే గోనెసంచి తనే తెచ్చుకునేటోడు. ఆముదం మాత్రం పెద్దమ్మ ఇడిచిపెట్టలే. సీట్లు పగిలినయా, చూపియ్యుమంటది.

షోరూం పిలగాడు చెప్పిన ఇరవై ఏండ్లు దగ్గరికొచ్చినయి. మొన్న నేను నవ్వులాటకు యాది చేసిన, "గడువు అయిపోవచ్చింది పెద్దమ్మా, ఇగ కొత్తది చూద్దమా?" అని.

"వాడేమన్నడు? మంచిగ చూసుకుంటే ఇరవై ఏండ్లు అన్నడు. మనం మంచిగ చూసుకునుడు మొదలుపెట్టింది ఆ అమాస నుంచి గద. లెక్క ఆడినుంచి పెట్టు," అన్నది.

తమ్ముళ్లూ, బండిని ఎట్ల ఉంచుకోవాలెనో మీకు ఇంకా చెప్పేటిది మస్తు ఉండె. కానీ బయట హారన్ మోగుతున్నది, ఆపకుండ. ఇయ్యాల అమాస. స్టీరింగ్ మీద పెద్దకొడుకు, పక్క సీట్ల సకిలముకిలం పెట్టుకొని పెద్దమ్మ. హారన్ కొట్టేది ఆమెనే, ముల్లుగర్ర మొనతోని.

"ఓ కొడుకా! జర వచ్చి ఎక్కు! వీడు ట్రాక్టర్‌ను దాటుతలేడు!"

మోకాళ్లు నొస్తున్నయని చెప్పి చూసిన. ఎనుక సీట్ల కూసోనీకే మోకాళ్లెందుకు అంటున్నది. పోతున్న. నిన్ననే ఆముదం పట్టిచ్చిన్రట, గట్టిగ పట్టుకొని కూసోవాలె.